స్క్రూ తిప్పే ముందు పొల్యూషన్ చీటీ చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఈ20 పెట్రోలు, అంటే ఇరవై శాతం ఇథనాల్ (ఒక రకం స్పిరిట్) కలిపిన పెట్రోలు వచ్చాక మైలేజీ పడిపోయిందని, పికప్ పోయిందని పాఠకులు వరసగా ఉత్తరాలు రాస్తున్నారు. వాళ్ల బాధ నిజమైనదే. అయితే ఆ బాధతో బండిని షెడ్డుకు తోలుకెళ్తే చాలాచోట్ల జరిగే పని ఒక్కటే. గాలిని, పెట్రోలును కలిపి ఇంజిన్‌కు పంపే కార్బొరేటర్ మీది చిన్న ఇత్తడి స్క్రూను చెవితో విని పావు చుట్టో అర చుట్టో తిప్పడం, "ఇక పెట్రోలు తక్కువ తాగుద్ది" అని పంపేయడం. ఏ అంకె చూసి తిప్పారని అడిగితే జవాబు ఉండదు. గాలి, పెట్రోలు పాళ్లను కొలిచే యంత్రం మాత్రం ప్రతి ఊళ్లో పెట్రోలు బంకు పక్కన పొల్యూషన్ వ్యానులో ఉంది. అది కొలిచిన అంకెలు మీ బండి కాగితాల్లోనే ఉన్నాయి. వాటిని చదవడం బండి గలవాళ్లకూ, బాగుచేసే మాబోటి వాళ్లకూ అలవాటు కావాలన్నదే ఈ ఉత్తరం.

ముందు పాళ్ల సంగతి. ఒక కిలో మామూలు పెట్రోలు పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఒక్క లీటరు పెట్రోలుకు దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలి అన్నమాట. గాలి అంతకంటే తగ్గితే మిశ్రమం చిక్కన, షెడ్డు భాషలో రిచ్. పెరిగితే పలచన, అంటే లీన్. ఇంజిన్‌లోకి నిజంగా వెళ్లిన గాలిని, వెళ్లవలసిన గాలితో భాగిస్తే వచ్చే అంకె లాంబ్డా. అది 1 ఉంటే సరిపాళ్లు, 0.9 ఉంటే చిక్కన, 1.1 ఉంటే పలచన. పెట్రోలు మారినా ఈ లెక్క మారదు కాబట్టి మిగతా అంతా లాంబ్డాలోనే చెప్తాం.

ఇథనాల్ ఒంట్లో ఆక్సిజన్ ముందే ఉంటుంది. అందుకే దానికి కిలోకు 9 కిలోల గాలే చాలు. పది శాతం కలిపిన పెట్రోలుకు (ఈ10) 14.1, ఇరవై శాతం కలిపిన దానికి దాదాపు 13.5 కావాలి. కార్బొరేటర్‌కు ఈ మార్పు తెలియదు. దానిలో పెట్రోలు వచ్చే జెట్టు రంధ్రం పాతదే, అది లాగే గాలీ పాతదే. ఈ10కు సరిపడిన జెట్టులోంచి ఈ20 పోతే మిశ్రమం మూడు, నాలుగు శాతం పలచబడుతుంది. ఇథనాల్ లేని పెట్రోలు రోజుల్లో కుదిర్చిన బండి అయితే ఏడెనిమిది శాతం దాకా. దీనికి తోడు లీటరు ఈ20లో ఉండే శక్తే మామూలు పెట్రోలు కంటే తక్కువ. 2021 జూన్‌లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ఇథనాల్ ప్రణాళికలోనే, పాత పెట్రోలుకు తయారై ఈ10కు సరిచేసిన కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం, అలాంటి టూవీలర్లలో 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని రాశారు. ఈ నష్టం పెట్రోలులోనే ఉంది. ఏ స్క్రూ తిప్పినా అది తిరిగి రాదు. లీటరుకు 60 కిలోమీటర్లు ఇచ్చే బండి 58 ఇస్తోందని స్క్రూను ఇంకా పలచనకు తిప్పించడం కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన చందమే అవుతుంది. రేసు ఎక్కువగా ఇచ్చినప్పుడు ఇంజిన్‌కు లాంబ్డా 0.87 దగ్గర ఉండే చిక్కని మిశ్రమం కావాలి. అందులో మిగిలే పెట్రోలే లోపలి వేడిని కాస్త లాక్కుంటుంది. అది పలచబడితే ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలుతుంది, పిస్టన్ పైభాగం వేడెక్కుతుంది, ఎండాకాలంలో లోడుతో పోయేటప్పుడు ఇంజిన్ కొట్టుకుంటుంది.

ఇక్కడే ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. పాత కార్బొరేటర్ బండ్లు చాలావాటిలో ఐడ్లింగ్ మిశ్రమం, అంటే రేసు ఇవ్వకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పటి మిశ్రమం, అసలే చిక్కగా ఉంటుంది. అలాంటి బండికి ఈ20 పోస్తే అది సరిపాళ్లకు దగ్గర పడుతుంది, పొగ తగ్గుతుంది. దాన్ని చూసి భయపడి స్క్రూ విప్పి చిక్కన చేయడమూ తప్పే. మీ బండి ఏ వైపున ఉందో కొలిస్తేనే తెలుస్తుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్టు బయటికి తీయండి. పెట్రోలు బండైతే అందులో రెండు అంకెలు ముఖ్యం. సీఓ, అంటే కార్బన్ మోనాక్సైడ్, శాతంలో ఉంటుంది. హెచ్‌సీ, అంటే కాలకుండా బయటికొచ్చిన పెట్రోలు ఆవిరి, పీపీఎంలో, అంటే పది లక్షల్లో ఇన్ని వంతులని ఉంటుంది. 2000 మార్చి తరువాత వచ్చిన పాత తరం నాలుగు స్ట్రోకుల టూవీలర్లకు సీఓ 3.5 శాతం, హెచ్‌సీ 4,500 పీపీఎం హద్దు. బీఎస్4 (భారత్ స్టేజ్ పొగ నియమాల్లో నాలుగో మెట్టు) పెట్రోలు కార్లకు 0.3 శాతం, 200 పీపీఎం. అందరూ పాస్ అన్న మాట చూసి మడిచి పెట్టేస్తారు. హద్దు 3.5 ఉన్న బండికి 0.4 వచ్చినా పాసే, 3.3 వచ్చినా పాసే. కాని మొదటిది పలచన వైపుకు జారుతున్న బండి, రెండోది ఊరికే పెట్రోలు పారబోస్తున్న బండి. సీఓ 1 శాతం అంటే లాంబ్డా సుమారు 0.97. 3 శాతం అంటే 0.90. 6 శాతం దాటితే 0.82, అప్పటికి ప్లగ్గు నల్లగా మసిబారి ఉంటుంది. కార్బొరేటర్ ఉన్న నాలుగు స్ట్రోకుల బైకుకు ఐడ్లింగ్‌లో 1 నుంచి 2.5 శాతం మధ్య ఉంటే మంచి కుదురు.

సీఓతో ఒక చిక్కుంది. అది చిక్కదనాన్ని చెప్తుంది, పలచదనాన్ని చెప్పలేదు. మిశ్రమం సరిపాళ్లు దాటి పలచబడ్డాక సీఓ దాదాపు సున్నాకు చేరి అక్కడే కూర్చుంటుంది. లాంబ్డా 1.02 ఉన్నా 1.15 ఉన్నా అంకె ఒకేలా కనిపిస్తుంది. అప్పుడు మిగతా వాయువులను చూడాలి. నాలుగు వాయువుల యంత్రం సీఓ, హెచ్‌సీతో పాటు కార్బన్ డయాక్సైడ్‌నూ ఆక్సిజన్‌నూ కొలుస్తుంది. నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంజిన్ తన జబ్బు తనే చెప్పుకుంటుంది. సీఓ ఎక్కువ, హెచ్‌సీ ఎక్కువ, ఆక్సిజన్ అర శాతం లోపు ఉంటే మిశ్రమం చిక్కన. సీఓ బాగా తక్కువ, ఆక్సిజన్ రెండు మూడు శాతం, హెచ్‌సీ ఎగుడుదిగుడుగా పైకి పోతుంటే పలచనై మిస్ కొడుతోంది, అంటే ఒక్కోసారి మంట అంటుకోవడం లేదు. సీఓ మామూలుగానే ఉండి హెచ్‌సీ, ఆక్సిజన్ రెండూ ఎక్కువైతే మిశ్రమంలో తప్పు లేకపోవచ్చు. ప్లగ్గు, ప్లగ్గు వైరు, కాయిల్, వాల్వు సీటింగ్ చూడాలి. అలాంటి బండికి స్క్రూ ఎంత తిప్పినా లాభం లేదు. కార్బన్ డయాక్సైడ్ 13 నుంచి 15 శాతం మధ్య వస్తే మంట బాగా మండుతోందని గుర్తు.

యంత్రం బాగున్నా కొలిచే తీరు బాగోకపోతే అంకె పనికిరాదు. యంత్రం గొట్టాన్ని సైలెన్సర్‌లోకి కనీసం 30 సెంటీమీటర్లు పోనివ్వాలి. బైకు సైలెన్సర్లలో లోపలి అడ్డుపలకల వల్ల అంత లోతుకు పోదు. దానికోసం చివర బిగుతుగా తొడిగే పొడిగింపు పైపు వాడాలి. గొట్టం కొసను అంచుకు ఆనించి పట్టుకుంటే బయటి గాలి కలిసిపోతుంది, సీఓ సగానికి సగం పడిపోయినట్టు కనిపిస్తుంది. ఈ మోసాన్ని పట్టుకునే చిన్న లెక్క ఉంది. నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజిన్‌లో సీఓ, కార్బన్ డయాక్సైడ్ కలిపితే 15కు దగ్గరగా రావాలి. తెర మీద సీఓ 1.2, కార్బన్ డయాక్సైడ్ 6.8 ఉందనుకోండి. రెండూ కలిపితే 8. అంటే లోపలికి పోయిన దాంట్లో దాదాపు సగం బయటి గాలే. అసలు సీఓ తెలియాలంటే 1.2ను 15తో గుణించి 8తో భాగించాలి, 2.25 వస్తుంది. 1.2నే నమ్మి స్క్రూ తిప్పి ఉంటే ఎంత పొరపాటు జరిగేదో చూడండి.

మనవైపు బైకుల్లో చాలావాటికి ఇంకో గాలి దారి ఉంది. ఎయిర్ ఫిల్టర్ నుంచి సైలెన్సర్ మొదట్లోకి సన్నటి రబ్బరు గొట్టం వెళ్తుంది. పొగలో మిగిలిన వాయువులను కాల్చడానికి అది తాజా గాలిని పంపుతుంది. మిశ్రమం కొలిచేటప్పుడు ఆ గొట్టాన్ని క్లిప్పుతో నొక్కి మూసి కొలవాలి, పని అయ్యాక మళ్లీ తెరవాలి. మూయకపోతే బండి పలచనగా ఉన్నట్టు తప్పుడు అంకె వస్తుంది. దీన్ని పీకేసి బోల్టు బిగించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది చేయకూడదు.

ఇంజిన్ చల్లగా ఉండగా కొలిచినా అంతే. బండి ఐదారు కిలోమీటర్లు నడిచి ఉండాలి, చోక్ లాగి ఉండకూడదు. గొట్టం పెట్టకముందు యంత్రం తాజా గాలిలో సున్నా చూపించాలి, ఆక్సిజన్ 20.9 చూపించాలి. నీళ్లు నిలిచే గిన్నె ఖాళీ చేసి ఉండాలి. ముందు బండి ఆవిరి గొట్టంలో అంటుకుని ఉంటే కొత్త బండి హెచ్‌సీ ఎక్కువ చూపిస్తుంది. గొట్టం పెట్టాక అంకె నిలకడకు రావడానికి అర నిమిషమైనా ఆగాలి.

ఇక స్క్రూ దగ్గరికి వద్దాం. అది రెండు రకాలు. కార్బొరేటర్‌లో స్లైడుకు (రేసు ఇస్తే పైకి లేచే ముక్క) ఎయిర్ ఫిల్టర్ వైపున ఉంటే గాలి స్క్రూ, బిగిస్తే చిక్కన, విప్పితే పలచన. ఇంజిన్ వైపున ఉంటే పెట్రోలు స్క్రూ, దీనికి సరిగ్గా తలకిందులు, బిగిస్తే పలచన, విప్పితే చిక్కన. ఈ తేడా చూడకుండా తిప్పడం వల్లే సగం బండ్లు చెడుతున్నాయి. తిప్పే ముందు ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉందా, తిరిగి బిగించి ఉందా, టాపెట్ (వాల్వుల) గ్యాపులు కుదిరాయా, ప్లగ్గు గ్యాపు కంపెనీ చెప్పినంత ఉందా చూసుకోవాలి. ఫిల్టర్ తీసేసి ట్యూనింగ్ చేసి, తరువాత ఫిల్టర్ బిగిస్తే ఆ ట్యూనింగ్ లెక్కలోకి రాదు.

స్క్రూను మెల్లగా లోపలికి తిప్పుతూ, ఎన్ని చుట్లకు ఆనిందో రాసుకోండి. ఆనగానే ఆపాలి. ఇంకా బిగిస్తే సూదిలాంటి దాని మొన రంధ్రంలో ఒరుసుకుని వంగిపోతుంది, ఆ కార్బొరేటర్ ఇక ఎప్పటికీ కుదురుకోదు. తరువాత రెండు చుట్లు విప్పి ఇంజిన్ స్టార్ట్ చేయండి. ఐడ్లింగ్ స్క్రూతో ఇంజిన్ వేగాన్ని నిమిషానికి 1,400 చుట్ల (ఆర్పీఎం) దగ్గర పెట్టండి. ఇప్పుడు మిశ్రమం స్క్రూను ఎనిమిదో వంతు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ పది సెకన్లు ఆగండి. ఒకవైపు పోతుంటే ఇంజిన్ వేగం పెరిగి, ఒకచోట ఆగి, మళ్లీ తగ్గుతుంది. ఇంకోవైపూ అంతే. ఆ రెండు తగ్గుళ్లకు నడుమ వేగం ఎక్కువగా ఉన్న చోట స్క్రూ వదిలి, ఐడ్లింగ్‌ను మళ్లీ 1,400కు దించండి. అప్పుడు సీఓ చూడండి. చుట్ల మీటరు లేకపోయినా చెవి ఈ పనికి సాయపడుతుంది. కాని చెవి చెప్పేది వేగం పెరిగిందా తగ్గిందా అన్నదే, సీఓ 1 ఉందా 4 ఉందా అన్నది ఎంత అనుభవం ఉన్న చెవికీ వినపడదు.

రేసు ఒక్కసారిగా ఇచ్చి వదిలి చూడండి. ఇవ్వగానే ఇంజిన్ గతుక్కుమని ఆగిపోబోయి అందుకుంటే పలచన. వదిలాక వేగం దిగకుండా కాసేపు అలాగే అరుస్తుంటే కూడా పలచన, లేదా ఎక్కడో గాలి కారుతోంది. వదలగానే ఐడ్లింగ్ కంటే కిందికి పడి మళ్లీ లేస్తే చిక్కన. సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతుందని ఐడ్లింగ్ పెంచుకుంటూ పోతారు. అసలు కారణం తరచుగా ఈ చిక్కదనమే.

స్క్రూను మూడు చుట్లు విప్పినా ఇంజిన్ కుదురుకోలేదంటే ఐడ్లింగ్‌కు పెట్రోలు ఇచ్చే స్లో జెట్టు మూసుకుపోయిందని అర్థం. దయచేసి దాంట్లో వైరు పెట్టి పొడవొద్దు. ఆ రంధ్రం 0.4 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఇత్తడి మెత్తన. వైరు రాపిడితో 0.40 కాస్తా 0.45 అయిందంటే కంటికి తేడా తెలియదు, కాని రంధ్రం వైశాల్యం 27 శాతం పెరిగినట్టు. ఈ20 వల్ల పలచబడే నాలుగు శాతం గురించి ఇంత బాధపడుతున్నాం కదా! జెట్టును కార్బొరేటర్ క్లీనర్‌లో నానబెట్టి కంప్రెసర్ గాలి కొట్టాలి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే గుండ్రటి చుక్క కనపడాలి. చుక్క అంచు కోలగా ఉంటే అది ఇప్పటికే ఎవరో వైరు పెట్టిన జెట్టు, మార్చేయాలి.

గాలి కారడం ఇంకో పెద్ద జబ్బు. కార్బొరేటర్‌కూ ఇంజిన్‌కూ నడుమ ఉండే రబ్బరు మానిఫోల్డు ఎండకు పగులుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది, వేలితో వంచితే అడుగున సన్నటి గీత నోరు తెరుస్తుంది. ఐడ్లింగ్‌లో ఉండగా దాని మీద సబ్బు నీళ్లు చిలకరించండి. ఇంజిన్ మాట మారితే కారుడు అక్కడే. కొందరు పెట్రోలు చల్లి చూస్తారు. వేడి సైలెన్సర్ పక్కన ఆ పని చేస్తే నిప్పంటుకుంటుంది. వంట గ్యాస్ సిలిండర్ గొట్టాన్ని గాలి దారిలో పెట్టి ఇంజిన్ వేగం పెరుగుతుందా అని చూసే పద్ధతీ ఉంది. సూత్రం సరైనదే, కాని షెడ్డులో అది ప్రాణాలతో ఆట. దాని బదులు చోక్ కొద్దిగా లాగండి. లాగగానే ఇంజిన్ ఊపందుకుంటే పలచన, బరువెక్కి పొగ వదిలితే చిక్కన. ఖర్చు లేదు, ప్రమాదం లేదు.

ఇప్పటిదాకా చెప్పింది ఐడ్లింగ్ గురించే. రేసు ఎనిమిదో వంతు దాటితే ఆ స్క్రూ ప్రభావం తగ్గిపోతుంది. పావు నుంచి ముప్పావు రేసు దాకా స్లైడుకు వేలాడే సూది, ఆ పైన మెయిన్ జెట్టు పెత్తనం చేస్తాయి. మైలేజీ తేలేది ఎక్కువగా సూది దగ్గర, ఇంజిన్ బతికేది మెయిన్ జెట్టు దగ్గర. రేసు పిడి మీద తెల్ల టేపు అంటించి పావు, సగం, ముప్పావు గీతలు గీసుకుంటే బండి ఏ గీత దగ్గర తడబడుతోందో తెలుస్తుంది. ఏ భాగాన్ని విప్పాలో ఆ గీతే చెప్తుంది.

మెయిన్ జెట్టుకు ప్లగ్గు రంగు చూసే పాత పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది, సరిగ్గా చేస్తే. కొత్త ప్లగ్గు పెట్టి, ఖాళీ రోడ్డు మీద, ఎత్తు ఉంటే మరీ మంచిది, ఒకటి రెండు కిలోమీటర్లు ఎక్కువ రేసులో నడిపి, క్లచ్ పట్టి ఆ క్షణమే ఇంజిన్ ఆపేయాలి. మామూలుగా నెమ్మదించి, ఐడ్లింగ్‌లో నిలిపి తరువాత ప్లగ్గు విప్పితే కనపడేది ఐడ్లింగ్ రంగే. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. భూతద్దంతో చూడండి. చూడాల్సింది మొన దగ్గరి పింగాణీ కాదు, లోపల ఇనుప గుల్లను పింగాణీ కలిసే అడుగు భాగం. అక్కడ సన్నటి లేత గోధుమరంగు వలయం ఉంటే మిశ్రమం బాగున్నట్టు. మందంగా నల్లటి మసి ఉంటే చిక్కన. వలయమే లేకుండా తెల్లగా, మీద చిన్న చిన్న మెరుపు పూసలు కనిపిస్తే పలచన, అక్కడితో ఆ బండిని వేగంగా నడపడం ఆపాలి. తడిగా జిగటగా ఉంటే అది ఆయిలు, మిశ్రమం తప్పు కాదు. సీసం లేని పెట్రోలులోనే రంగులు లేతబడ్డాయి, ఇథనాల్ కలిశాక ఇంకా లేతబడ్డాయి. "ఇటుక రంగు రావాలి" అని పాతకాలం పాఠం పట్టుకుని చిక్కన చేయకండి. గ్యాసుతో తిరిగే ఆటోలకు ఈ పద్ధతి అసలే పనికిరాదు. సీఎన్‌జీలో మసి ఉండదు, ప్లగ్గు ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. దానికి కావలసిన గాలి 17.2 పాళ్లు. ఆటోకు యంత్రం ఒక్కటే దారి.

బీఎస్6 బండ్లకు తిప్పడానికి స్క్రూ లేదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన టూవీలర్లలో దాదాపు అన్నిటికీ ఇంజెక్టర్, సైలెన్సర్‌లో ఆక్సిజన్ సెన్సర్ ఉన్నాయి. సెన్సర్ వేడెక్కాక చిక్కనైతే 0.9 వోల్టు వైపు, పలచనైతే 0.1 వోల్టు వైపు ఊగుతుంది. మంచి డిజిటల్ మల్టీమీటర్‌తో కనెక్టర్ వెనకనుంచి పిన్ను పెట్టి చూస్తే 0.45కు అటూ ఇటూ పది సెకన్లలో చాలాసార్లు దాటాలి. ఒక వైపే నిలిచిపోతే సెన్సర్‌ను తిట్టే ముందు సైలెన్సర్ జాయింటు చూడండి. అక్కడ కంత ఉంటే బయటి గాలి చేరి పలచన అని చెప్తుంది, కంప్యూటర్ దాన్ని నమ్మి పెట్రోలు పెంచేస్తుంది. ఆ జాయింటుకు మామూలు సిలికాన్ పేస్టు పూయకూడదు. దాని ఆవిరి సెన్సర్‌ను చంపేస్తుంది.

కార్లకు ఇంకా తేలిక. ఓబీడీ సాకెట్టులో (కారు కంప్యూటర్ అంకెలు చదివే చోటు) చిన్న స్కానర్ పెడితే ఫ్యూయల్ ట్రిమ్ కనపడుతుంది. కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత శాతం పెట్రోలు కలుపుతోంది లేదా తగ్గిస్తోంది అన్నదే అది. దీర్ఘకాల ట్రిమ్ పది శాతం లోపు అటూ ఇటూ ఉంటే కంగారు లేదు. ఈ10 కారులో ఈ20 పోస్తే అది నాలుగైదు శాతం పైకి పోవడం సహజం, కంప్యూటర్ తన పని తాను చేస్తోందని గుర్తు. కారును బట్టి 20, 25 దాటితే మిశ్రమం పలచన అని చెప్పే పీ0171 కోడ్‌తో ఇంజిన్ దీపం వెలుగుతుంది. ఐడ్లింగ్‌లో ట్రిమ్ ఎక్కువగా ఉండి, 2,500 చుట్లకు రేసు ఇస్తే తగ్గిపోతే గాలి కారుతోంది. ఐడ్లింగ్‌లో బాగుండి, రోడ్డు మీద లోడులో పెరిగితే పెట్రోలు పంపు, ఫిల్టర్ చూడాలి. ఈ చిన్న తేడా చూడకుండా సెన్సర్లు వరసగా మార్చి వేల రూపాయలు బిల్లు వేయడం అన్యాయం.

ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. విశాఖలో సముద్రమట్టం దగ్గర కుదిర్చిన కార్బొరేటర్ అరకు ఎక్కితే గాలి పలచబడి మిశ్రమం చిక్కనవుతుంది. అక్కడ స్క్రూ తిప్పించి కిందికి దిగితే పలచన. పాత కార్లకు ఇంజిన్ గాలి పీల్చే బలాన్ని కొలిచే వాక్యూమ్ గేజి వాడేవాళ్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి. సముద్రమట్టంలో ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం కొలతలో) చూపించే ఇంజిన్, 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో దాదాపు రెండు అంగుళాలు తక్కువ చూపిస్తుంది. అది జబ్బు కాదు. ముల్లు నిలకడగా ఉండకుండా మెల్లగా రెండు మూడు అంగుళాలు పైకీ కిందికీ తేలుతుంటే మాత్రం మిశ్రమాన్ని అనుమానించాలి.

పెట్రోలులోనే అనుమానం ఉంటే దాన్నీ కొలవవచ్చు. 100 మిల్లీలీటర్ల కొలత గాజు గొట్టంలో 50 మిల్లీలీటర్ల పెట్రోలు పోయండి. పది శాతం ఉప్పు కలిపిన నీళ్లు ఇంకో 50 పోసి, మూత పెట్టి పదిసార్లు తలకిందులు చేసి, పావుగంట కదలకుండా ఉంచండి. ఇథనాల్ పెట్రోలును వదిలి నీళ్లలోకి దిగుతుంది, నడుమ గీత పైకి జరుగుతుంది. నీళ్లు 50 నుంచి ఎన్ని మిల్లీలీటర్లు పెరిగాయో దాన్ని రెట్టింపు చేసి ఒకటి కలిపితే ఇథనాల్ శాతం. ఈ20 అయితే గీత 60కి కాస్త కింద, 59.5 దగ్గర నిలవాలి. ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి, ఆ పెట్రోలును తిరిగి ట్యాంకులో పోయకూడదు. గీత 65 దాటిందంటే ఆ బండికి ట్యూనింగ్ కాదు, ట్యాంకు ఖాళీ చేయడం కావాలి.

రవాణా శాఖకు మా విన్నపం ఉంది. పొల్యూషన్ కేంద్రాల్లో యంత్రం నాలుగు వాయువులూ కొలుస్తున్నప్పుడు, సర్టిఫికెట్టు మీద సీఓ, హెచ్‌సీతో ఆపకుండా కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్, లాంబ్డా కూడా ప్రతి పెట్రోలు బండికీ ముద్రించాలి. బీఎస్4 కార్లకు 2,500 చుట్ల దగ్గర లాంబ్డా 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలన్న నియమం ఇప్పటికే ఉంది. లాంబ్డా ముద్రించడానికి ఇంకో గట్టి కారణం చెప్తాం. పొగను శుద్ధి చేసే క్యాటలిస్ట్ ఉన్న సైలెన్సర్ సీఓను కాల్చేసి దాచిపెడుతుంది కాని, అన్ని వాయువులూ కలిపి లెక్కకట్టే లాంబ్డాను మార్చలేదు. సీఓ, కార్బన్ డయాక్సైడ్ కలిపి 12 లోపు వస్తే ఆ పరీక్షను ఒప్పుకోకుండా మళ్లీ కొలిచేలా కంప్యూటర్‌లోనే ఏర్పాటు ఉండాలి. గొట్టం సైలెన్సర్‌లోకి పోకుండా నంబరు ప్లేటు ఫోటోతో చీటీ ఇచ్చే పద్ధతి అప్పుడు ఆగుతుంది. సర్టిఫికెట్టు లేకపోతే పదివేల రూపాయల దాకా జరిమానా పడేలా 2019లో చట్టం మార్చారు. అంత విలువ కట్టిన కాగితం మీద అంకె నిజమైనది ఉండాలి కదా.

బండి గలవాళ్లకు ఒక్క మాట. స్క్రూ ముట్టుకోవాల్సి వస్తే ముందు ఒకసారి, తరువాత ఒకసారి పొల్యూషన్ వ్యాను దగ్గర కొలిపించండి. మెకానిక్కు బిల్లు మీద ముందు సీఓ ఎంత, తరువాత ఎంత, స్క్రూ ఆనినప్పటి నుంచి ఎన్ని చుట్లు విప్పారు, ఈ మూడూ రాయమని అడగండి. రాయడానికి ఒప్పుకోని చోట ఆ స్క్రూ జోలికి పోనివ్వకండి.

ఇట్లు,
పెట్రోలు బండ్ల ట్యూనింగ్ పనివాళ్లం,
ఆటోనగర్, విజయవాడ